నేను చూడని మరక

నా పని బట్టలో లోపాలు వెతకడం. సూరత్‌లో పవర్‌లూమ్ కార్ఖానాల్లో, మావాళ్ళ మాటలో చెప్పాలంటే సాంచల కార్ఖానాల్లో, నేసిన ప్రతి తానూ రంగులకు పోయేముందు ఒక బల్ల మీదికి వస్తుంది. బల్లకు ఏటవాలుగా అద్దం, అద్దం కింద ట్యూబులైటు ఉంటాయి. తాను అద్దం మీదుగా జారుతుంటే నేను నిలబడి చూస్తాను. తెగిన పోగు, నూనె మరక, పేక తప్పిన చోటు, ఏది కనిపించినా సుద్దతో చుట్టూ గీసి, పక్కన ఆ తాను నేసిన సాంచ నంబరు రాస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే చేస్తున్నాను. గోరంత మరక కూడా ఇతని కన్ను దాటి పోదని మా సేఠ్ కొత్త వ్యాపారులకు నన్ను చూపించి చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు అది గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మా పనిలో ఒక సంగతి ముందే చెప్పాలి. సాంచ నడిపే మనిషి చెయ్యి తప్పితే బట్టలో ఒక గీత పడుతుంది. దారంలోనే తేడా ఉంటే కూడా గీత పడుతుంది. తెల్ల బట్టలో ఆ రెండూ ఒక్కలాగే ఉంటాయి. చాలాసార్లు కనిపించను కూడా కనిపించవు. పాండేసరలోని రంగుల మిల్లుకు పోయి రంగు పట్టిన తర్వాతే బయటపడతాయి. అప్పుడు తాను వెనక్కి వస్తుంది. సేఠ్ గొంతు పెంచి "కిస్‌కా మశీన్?" అంటాడు, ఇది ఎవరి సాంచ అని. దారం ఎవరిదని మాత్రం ఎప్పుడూ అడగడు. దారం అమ్మేవాడు ఆయన బావమరిది. సాంచ నడిపేవాడు ఊరు వదిలి వచ్చినవాడు, పైగా ఎదురుగా ఉన్నవాడు. అది దారం తప్పని తెలిసి కూడా నేను సాంచ నంబరు చెప్పిన రోజులు ఉన్నాయి. నంబరు చెబితే మాట అక్కడితో అయిపోతుంది. చెప్పకపోతే నిలబడి వాదించాలి. అలా ఏళ్ళ తరబడి చేసీ చేసీ, ఏదైనా చెడిందంటే అది ఎందుకు చెడిందని కాక, ఎవరి చేతిలో చెడిందని చూడటం నాకు అలవాటైపోయింది.

ఆ అలవాటును నేను ఇంటికి తెచ్చాను. దాని ఫలితం నా కూతురు, నా భార్య అనుభవించారు.

పాపకు అప్పుడు ఏడేళ్ళు. మాది లింబాయత్‌లో రెండు గదుల ఇల్లు. పాప ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ మాట్లాడేది. కోపం వస్తే మూడూ కలిపి తిట్టేది. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, పొద్దున లేవగానే తల పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక వాంతి చేసుకునేది. ఆ తర్వాత కాస్త తేరుకుని, బడికి టైము దాటాక ఆడుకునేది. అందుకే నాకు అనుమానం వచ్చింది.

"బడి ఎగ్గొట్టనీకి మంచి ఉపాయం దొరికింది నీకు," అన్నాను ఒకరోజు.

"కాదు బాపూ. సచ్చీ. మాథూ దుఖ్తుంది," అంది, నిజంగానే తల నొస్తోందని.

"ఏడ దుఖ్తుంది?"

"అంతట. లోపల, బాహర్, అంతట."

నేను నవ్వాను. నా భార్య నవ్వలేదు. ఆమె ఇంట్లోనే చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. మిల్లు నుంచి మూటలు వచ్చేవి, కత్తిరించి మడతపెట్టి పంపేది. ఆ రోజు కత్తెర పక్కన పెట్టి నా వైపు చూసింది.

"జర దవాఖానకు తోల్కపోదాం. పిల్ల చూపు ఒక తీరుగ ఉంటలేదు. రెండు రెండు కనిపిస్తున్నయంటున్నది."

"ఆదివారం చూద్దాం తియ్."

రెండు ఆదివారాలు గడిచాయి. మూడో ఆదివారం రాకముందే, బడిలో ప్రార్థన జరుగుతుండగా పాప పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుందట. నేను కార్ఖానా నుంచి వెళ్ళేసరికి నా భార్య బడి మెట్ల మీద పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్దాసుపత్రిలో పిల్లల వార్డులో చేర్చుకున్నారు. తలకు స్కాన్ తీశారు. నడుము దగ్గర సూది పెట్టి, వెన్నులో ఉండే నీళ్ళు తీసి పరీక్షకు పంపారు. మూడో రోజు డాక్టర్ మమ్మల్ని పిలిచి హిందీలో వివరంగా చెప్పాడు. మెదడు చుట్టూ పల్చటి పొరలు ఉంటాయని, పాపకు ఆ పొరలు వాచాయని, నీళ్ళలో కూడా వాపు గుర్తులు ఉన్నాయని అన్నాడు. క్రిమి మాత్రం దొరకలేదన్నాడు. చాలామంది పిల్లల్లో అది దొరకదట. ఇంత కిక్కిరిసిన బస్తీలో, ఈ వయసులో, ఇలాంటి స్కాన్ చూస్తే ముందు అనుకోవలసింది మెదడు పొరలకు వచ్చే టీబీ అట. రుజువు దొరికేదాకా ఆగితే పిల్ల దక్కదు, ఈ రోజే మందులు మొదలుపెట్టాలి అన్నాడు. ఆయన తప్పు చేయలేదు. తర్వాత చూసిన ప్రతి డాక్టరూ, మేమైనా అదే చేసేవాళ్ళమని చెప్పారు. ఈ కథలో తప్పు ఎవరిదో వెతుకుతూ ఆయన దగ్గర ఆగవద్దు.

టీబీ అన్న మాట నేను గల్లీలో చెప్పనివ్వలేదు. టైఫాయిడ్ అని చెప్పాను. ఒక గోడకు నాలుగు ఇళ్ళు ఉండే చోటు మాది. తెలిస్తే కుళాయి దగ్గర మా బిందె పక్కకు నెడతారని, పిల్లల్ని మా గడప తొక్కనివ్వరని భయం. "మా చెల్లెకన్న చెప్పుకుంట," అంది నా భార్య. వద్దన్నాను. మా అక్కకు మాత్రం నేను చెప్పాను. అక్క ఇల్లు రెండు గల్లీల అవతల. నా వాళ్ళకు చెప్పుకోవచ్చు, ఆమె వాళ్ళకు చెప్పకూడదు అన్న న్యాయం ఎక్కడిదో నేను అప్పుడు ఆలోచించలేదు.

ఇంటికి వచ్చాక మందుల బాధ్యత అంతా నా భార్యదే. నెలనెలా మాత్రలు మా బస్తీకి వచ్చే ఆరోగ్య కార్యకర్త ఆశా బెహన్ చేతి మీదుగా అందేవి. రోజూ పొద్దున పరగడుపున, పాప బరువును బట్టి ఇన్ని మాత్రలని లెక్క. వాటితోపాటు వాపు తగ్గడానికి వేరే మందు. మొదట్లో పాప నిజంగానే తేరుకుంది. ఒక ఆదివారం ఖమణ్ కావాలని అడిగింది, ఆవిరి మీద ఉడికించిన ఆ సెనగపిండి ముక్కలు. మూల మీది దుకాణం నుంచి తెచ్చాను. పైన సేవ్ చల్లుకుని, పచ్చిమిరపకాయ చట్నీ కూడా నాకి, "తీఖా!" అని నాలుక బయటపెట్టి గది అంతా తిరిగింది. ఆ రోజు మేం ముగ్గురం నవ్వాం. ముగ్గురం కలిసి నవ్వడం అదే ఆఖరు.

వాపు మందు మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. తగ్గిస్తున్నకొద్దీ తలనొప్పి తిరిగి వచ్చింది, వాంతులు తిరిగి వచ్చాయి. పాప నడిస్తే ఒక పక్కకు ఒరిగిపోయేది. టీబీ మందులు మాత్రం అలాగే నడుస్తున్నాయి. అయినా రోగం వెనక్కి పోవడం లేదు.

అలాంటి ఒక సెలవు రోజు, అలమారా మీద ఏదో కాగితం వెతుకుతుంటే, స్టీలు డబ్బా వెనక మాత్రల పత్తాలు, అంటే అట్టలు, రెండు దొరికాయి. టీబీ మాత్రలే. ఒక్కటి కూడా విప్పలేదు. నెలకు ఎన్ని ఇస్తారో, ఎన్నాళ్ళు గడిచాయో నాకు తెలుసు. ఆ లెక్కన ఇవి మిగలకూడదు. బల్ల మీద తాను జారుతుంటే మరక కనిపించినప్పుడు ఎలా ఉంటుందో, అలా అనిపించింది నాకు. దొరికింది, అనుకున్నాను. నా భార్య అప్పుడు అదే గదిలో పాపకు తల దువ్వుతూ కూర్చుంది. ఇవేమిటని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. పత్తాలు చొక్కా జేబులో పెట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఆసుపత్రికి చూపించడానికి వెళ్ళాం. డాక్టర్ పాపను నడిపించి చూశాడు. కళ్ళలో లైటు వేసి చూశాడు. ముఖం మారింది. మరో స్కాన్ కావాలి, వెన్ను నీళ్ళు మళ్ళీ తీయాలి, అహ్మదాబాద్‌కు కూడా పంపాల్సి రావచ్చు అంటూ ఒక చీటీ రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే, తల ఎత్తకుండా, "దవా బరాబర్ దే రహే హో నా?" అన్నాడు, మందు సరిగ్గా ఇస్తున్నారు కదా అని.

నేను జేబులోంచి ఆ రెండు పత్తాలూ తీసి బల్ల మీద పెట్టాను.

"ఘర్ మే పడీ థీ సాబ్. ఇస్‌కీ మా భూల్ జాతీ హై."

ఇవి ఇంట్లోనే పడి ఉన్నాయి, వాళ్ళమ్మ మరచిపోతుంది అని అన్నాను. నా భార్యకు హిందీ అంతంత మాత్రం. కానీ మా, భూల్ అన్న రెండు మాటలు ఆమెకు తెలుసు.

"ఏమన్నవు నువ్వు?" అంది తెలుగులో.

"ఏం లేదు, ఊకో."

డాక్టర్ ఆమె వైపు తిరిగి నేరుగా ఏదో అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు నేనే జవాబు చెప్పాను. చదువు తక్కువ, ఇంట్లో పని ఎక్కువ, టైము గుర్తుండదు, అన్నాను. కోపంతో కూడా కాదు, ఎంతో సర్దుకుపోయే మగవాడిలా అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నన్ను అన్నిటికన్నా కోసేది ఆ గొంతే.

డాక్టర్ సగం రాసిన చీటీ పక్కన పెట్టాడు. మందు సరిగ్గా లోపలికి పోకపోతే స్కాన్ ఏం చెబుతుంది, అన్నాడు. ఒక నెల మీ కళ్ళ ముందు, మీ చేత్తో వేయండి, ఆ తర్వాత చూద్దాం, మధ్యలో ఏమాత్రం ఎక్కువైనా వెంటనే తీసుకురండి అన్నాడు. పాప ఫైలులో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు. తల్లి మందులు క్రమంగా ఇవ్వలేదు అని దానర్థం. ఆ ఫైలు ఎక్కడికి వెళ్తే ఆ వాక్యం అక్కడికి వెళ్ళింది.

మరుసటి రోజు నుంచి మందులు నేను వేశాను. పనికి పోయేముందు మాత్రలు నలిపి, నీళ్ళలో కలిపి, చెంచాతో పట్టేవాణ్ణి. పాప మొహం తిప్పుకునేది.

"మమ్మీ ఇస్తే తింట."

"మమ్మీ ఇచ్చేగద గింత దూరం తెచ్చింది."

ఆ మాట నేను పాపతో అన్నాను. వినవలసింది మాత్రం గుమ్మంలో నిలబడిన మనిషి. ఆమె లోపలికి వెళ్ళి కత్తెర తీసుకుంది. ఆ సాయంత్రం అక్క ఇంట్లో కూడా ఇదే చెప్పాను.

"గోలీలు ఇచ్చుడు కూడ రాకపాయెనా తమ్మీ దానికి?" అంది అక్క. "దారాలు కత్తిరిచ్చుడు మంచిగొస్తది గని!"

అక్క నోట్లో పడ్డాక ఇంకేముంది, మా వాళ్ళందరికీ తెలిసింది. టీబీ అన్న మాట అక్క కూడా దాచింది. తల్లి మందులు వేయలేదన్న మాట మాత్రం దాచలేదు.

ఇక్కడిదాకా చేసినదాన్ని తెలియక చేశాననో, భయంతో చేశాననో ఎవరైనా క్షమించవచ్చు. ఆ తర్వాత చేసినదానికి నాకే ఏ సాకూ దొరకడం లేదు.

పది రోజులు నా చేత్తో మందు వేశాను. ఒక్క పూట తప్పలేదు. వాంతి చేసుకుంటే మళ్ళీ వేశాను. అయినా పాపకు తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. మెడ వంచలేకపోయేది. అన్నం ప్లేటు పక్కన చెయ్యి పెట్టి తడుముకునేది. నాకు అప్పుడే తెలిసింది. ఆమె చేతిలో పనిచేయని మందు నా చేతిలో కూడా పనిచేయడం లేదంటే, లోపం చేతిలో లేదు. పద్దెనిమిదేళ్ళు బట్ట చూసినవాడికి ఆ మాత్రం అర్థం కాదా? వెంటనే తీసుకురమ్మని డాక్టర్ చెప్పాడు కదా. వెళ్ళలేదు. వెళ్తే నా చేత్తో వేసినా తగ్గలేదని నా నోటితో చెప్పాలి. అది చెబితే, మొన్న ఆమె మీద వేసింది నిందని ఒప్పుకున్నట్టే. ఇంకో వారం చూద్దాం అనుకున్నాను. ఆ వారం గడిచాక ఎలాగూ నెల దగ్గరపడుతోంది కదా అనుకున్నాను.

"పోదాం దవాఖానకు," అని నా భార్య రెండుసార్లు అంది.

"నెల కానీ. డాక్టర్ నెల అన్నడు," అన్నాను.

ఒక మధ్యాహ్నం, భోజనానికి ఇంటికి వచ్చాను. తలుపు బార్లా తెరిచి ఉంది. ఎండ గది మధ్యదాకా పడుతోంది. పాప ఆ ఎండలోనే కూర్చుని ఉంది. నా చెప్పుల చప్పుడు విని తల తిప్పి, "బాపూ, లైటు వెయ్యి," అంది.

ఆ రోజు పరుగెత్తాను. డాక్టర్ చూసిన గంటలో అంబులెన్సు రాసి అహ్మదాబాద్‌కు పంపాడు.

అక్కడ మమ్మల్ని చూసింది ఒక పెద్దావిడ. తల జుట్టు మొత్తం తెల్లబడింది, మాట నెమ్మది. ముందు పాప తలలో పేరుకున్న నీటి ఒత్తిడి తగ్గడానికి ఒక గొట్టం వేయించింది. మరునాడు ఫైలు ముందేసుకుని మమ్మల్ని కూర్చోబెట్టింది. తండ్రి ఏం పని చేస్తాడని ఒక కాగితంలో రాసుకోవడానికి అడిగింది. బట్ట చెకింగ్ అని చెప్పాను. రాసుకుంది. తర్వాత పేజీలు తిప్పుతూ ఆ వాక్యం దగ్గర ఆగింది. నా భార్య వైపు చూసి, దవా ఎందుకు ఇవ్వలేదమ్మా అని హిందీలో అడిగింది.

నా భార్య నా వైపు తిరిగింది. చెబుతానేమోనని చూసింది. నేను బల్ల మీది పెన్నుల డబ్బా చూశాను.

డాక్టరమ్మ మాటలు విడదీసి, నెమ్మదిగా ఇంకొక ప్రశ్న వేసింది. "బచ్చీ కా పేషాబ్... కైసా రంగ్?"

పాప మూత్రం రంగు ఎలా ఉండేది అని. నా భార్య ముఖంలో ఒక్కసారి ఏదో కదిలింది.

"లాల్. నారంగీ జైసా. రోజ్. ఏక్ దిన్ భీ... నాగా నహీ." ఎర్రగా, నారింజ పండులా, రోజూ, ఒక్క రోజూ తప్పకుండా అని. తర్వాత ఆమెకు వచ్చిన హిందీ అయిపోయింది. కాళ్ళ దగ్గర ఉన్న సంచిలో చెయ్యి పెట్టి పాప లోపలి బట్టలు రెండు తీసి బల్ల మీద పరిచింది. తెల్లవి, ఉతికి మడతపెట్టినవి. వాటి మీద నారింజ రంగు మరకలు ఉన్నాయి, వెలిసిపోయి, ఒకదాని మీద ఒకటి.

"చెప్పు ఆమెకు," అంది నాతో. "ఎంత ఉతికినా పోతలేవని చెప్పు. దినాం పొద్దుగాల గిట్లనే అయితుండెనని చెప్పు. కండ్లల్ల నీళ్ళు సుత గదే రంగని చెప్పు."

చెప్పాను.

డాక్టరమ్మ ఆ బట్ట అంచు పట్టుకుని చూసింది. టీబీ మందుల్లో ఒకటి ఒంట్లోకి పోతే మూత్రం, కన్నీళ్ళు ఆ రంగులో వస్తాయట. రోజూ అలా వచ్చిందంటే రోజూ మందు పడినట్టేనట. "ఈ తల్లి మందు ఇచ్చింది," అంది నాతో. "ఇచ్చినా తగ్గలేదంటే మనం వేరే దారి చూడాలి."

ఆ బట్టలు మా ఇంటి దండెం మీద నెలల తరబడి ఆరాయి. రోజూ వాటి కింద నుంచి తల వంచి పనికి పోయాను. ఊళ్ళోవాళ్ళ బట్టల మీద గోరంత మరక వెతికి సుద్ద గీసినవాణ్ణి, నా బిడ్డ బట్టల మీది మరక ఒక్కనాడు చూడలేదు.

పొరలోంచి చిన్న ముక్క తీశారు. దానికి రకరకాల రంగులు పట్టించి, యంత్రం కింద పెట్టి చూశారని చెబితే నాకు వెంటనే అర్థమైంది. తెల్ల బట్టలో కనిపించనిది పాండేసరకు పోతేనే కనిపిస్తుంది. అది టీబీ కాదు. మెదడు పొరల్లోనే పుట్టే కాన్సర్. పిల్లల్లో చాలా అరుదట. గడ్డలా ఒకచోట ఉండక పొర పొడుగునా పరుచుకుని పోతుందట. అందుకే స్కాన్‌లో చీము పట్టిన జబ్బులా, టీబీలా కనిపిస్తుందట. వెన్ను నీళ్ళలో కూడా వాపు గుర్తులే కనిపించాయి తప్ప, మొదటిసారి తీసినప్పుడు కాన్సర్ కణాలు దొరకలేదు. తన ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందినే చూశానని ఆవిడ చెప్పింది.

నేను ఒక్కణ్ణే వెళ్ళి ఆమెను అడిగాను. నెల ముందు వచ్చి ఉంటే?

ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. "బతికేదని నేను చెప్పలేను. ఈ జబ్బు అలాంటిది. చూపు మాత్రం నిలిచేదేమో," అంది.

అప్పుడు చెప్పాను, తల్లి మీద ఆ మాట చెప్పింది నేనేనని, అది అబద్ధమని. ఆ వాక్యం కొట్టేయమని చేతులు జోడించాను. ఆవిడ ఫైలు తెరిచి, దాని మీద ఒక గీత గీసి, పక్కన సంతకం చేసింది. నాకు తేలికగా అనిపించింది. అలా అనిపించినందుకు కూడా ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. పరాయి ఊళ్ళో, పరాయి మనిషికి చెప్పడం ఏపాటి పని?

పాప ఇంకా ఏడు నెలలు ఉంది. సూదులు, మందులు, కరెంటు వైద్యం అన్నీ పడింది. నేను గుమ్మం దాటగానే నా చొక్కాకు అంటుకున్న నూలు దుమ్ము వాసన పట్టి, "బాపూ, ఈరోజు ఎన్ని దాగ్‌లు దొరికినయ్?" అని అడిగేది. దాగ్ అంటే మరక. నాలుగు అనో ఆరు అనో చెప్పేవాణ్ణి. "గంతేనా?" అనేది. వాళ్ళమ్మ మాత్రం రోజంతా పక్కన కూర్చుని, చేతిలో ఉన్న చీర ఏ రంగో, పువ్వులు ఎక్కడెక్కడ ఉన్నాయో చెబుతూ దారాలు కత్తిరించేది. పాప వేలితో ఆ పువ్వులు తడిమేది. మళ్ళీ వానలు పట్టుకున్న రోజుల్లో ఒక పొద్దున పోయింది.

పదకొండో రోజు మా వాళ్ళంతా వచ్చారు. భోజనాలు వడ్డిస్తుండగా అక్క కళ్ళు తుడుచుకుంటూ, "గోలీలు టయానికి ఏసి ఉంటే పిల్ల దక్కుతుండె," అంది. కావాలని కాదు, ఏడుపులో వచ్చిన మాట. అందరూ నా భార్య వైపు చూశారు. నా భార్య నా వైపు చూసింది. నేను విస్తరి వైపు చూశాను. డాక్టరమ్మ ముందు చెప్పగలిగినవాణ్ణి నా వాళ్ళ ముందు చెప్పలేకపోయాను. పప్పు కావాలా అని ఎవరో అడిగితే కావాలన్నాను.

మా కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. తాను మీద తప్పు సాంచ నంబరు పడిందని తేలితే, రాసినవాడే ఆ తాను పట్టుకుని ఆ సాంచ దగ్గరికి నడిచి వెళ్ళి, వరసలో అందరూ చూస్తుండగా, సుద్దతో రాసిన నంబరును తన చేత్తో తుడవాలి. పద్దెనిమిదేళ్ళలో నేను ఒక్కసారీ ఆ పని చేయలేదు. నా తర్వాత వచ్చిన కుర్ర చెకర్ ఒకడు మొన్న చేశాడు. చేసి, ఆ సాంచ నడిపే ఒడియా మనిషి భుజం తట్టి, తన బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏమీ కాలేదు. సాంచలు నడుస్తూనే ఉన్నాయి. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. బావ ఉన్నాడు, అక్క కోడలు ఉంది, మా వాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారు. నిలబడే చెప్పాను. అది టీబీ కానే కాదు, కాన్సర్ అని వాళ్ళకు తెలుసు, అయినా తల్లి మందులు మానినందుకే ముదిరిందనుకునేవారు. ఆమె ఒక్క రోజూ మందు మానలేదని, నేనే డాక్టర్‌కు అబద్ధం చెప్పానని, దానివల్ల నెల పోయిందని, పిల్ల చూపు పోయిందని, ఈ సంగతి ఇన్నాళ్ళూ అహ్మదాబాద్ డాక్టరమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదని చెప్పాను.

అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే గిన్ని దినాలు నాతోని గడ్డి తినిపిచ్చినవు గద తమ్మీ. పిల్ల పదకొండో దినం నాడు నేనన్న మాట... నువ్వు ఆడనే కూసోని తింటుంటివి!"

"అవునక్కా."

"నా ముంగట నిలబడకు. పో."

నేను అటూ ఇటూ తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరాను. నాకంటే ముందే అక్క వచ్చి వెళ్ళిందని గది చూస్తేనే తెలిసింది. రెండు చాయ్ కప్పులు నేల మీద ఉన్నాయి. నా భార్య కిటికీ దగ్గర చీరల మూట ముందేసుకుని కూర్చుంది.

"వదిన వచ్చింది. ఏడ్చిపోయింది," అంది, తల ఎత్తకుండా.

"చెప్పిన అందరికి."

"విన్న. డాక్టరమ్మకు చెప్పినవు. అక్కకు చెప్పినవు." కత్తెర ఒక దారం దగ్గర ఆగింది. "నన్ను అడిగినవా ఎన్నడన్న?"

"ఏమని?"

"ఆ గోలీలు ఎందుకు మిగిలినయని."

నిజమే. ఆ బట్టలు బల్ల మీద పరిచిన రోజు నుంచి ఆమె మందు మానలేదని నాకు తెలుసు. పత్తాలు ఎలా మిగిలాయో మాత్రం తెలియదు. ఏడాది కావస్తున్నా అడగలేదు. అడగడానికి నాకు ముఖం లేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, అడిగి తెలుసుకునే అలవాటే నాకు లేదు. ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఎందుకు మిగిలినయి?" అన్నాను.

"కక్కుకుంటుండె గద పిల్ల. కక్కితే మళ్ళ ఎయ్యాలె. నెల ఆఖర్ల తక్కువ పడి నాగా అయితదేమోనని, ఆశా బెహన్ కాళ్ళేళ్ళు పట్టుకోని రెండు పత్తాలు ఎక్కువ తెచ్చి ఎనక పెట్టిన. గంతే."

ఇంత చెప్పడానికి ఆమెకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. చెప్పి, చీర అంచును కిటికీ వెలుతురు వైపు తిప్పుకుని, ఆగిన చోట దారం కత్తిరించింది.